పాత కెమెరా వేలంలో కొంటున్నారా? డబ్బు వెళ్లే దారి చూడండి

సందేహం: అన్నా, నేను డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నా. వచ్చి ఏడు నెలలైంది. ఆన్‌లైన్ వేలంలో కెనాన్ 70-200 ఎఫ్ 2.8 లెన్స్ కోసం పాడాను, చివర్లో చేజారిపోయింది. అంతకుముందు ఒక ప్రశ్న అడుగుతూ అమ్మేవాడికి నా వాట్సాప్ నంబర్ ఇచ్చాను. ఇప్పుడు అతనే మెసేజ్ పెట్టాడు. గెలిచినవాడు డబ్బు కట్టలేదట, నేను పాడిన 420 డాలర్లకే ఇస్తానంటున్నాడు. సైట్ కమీషన్ మిగులుతుంది కాబట్టి జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపమంటున్నాడు. ఫొటోలు చాలా బాగున్నాయి. పంపొచ్చా?

తమ్ముడూ, పంపకు. ఇది చదివి వెంటనే ఆ నంబర్ బ్లాక్ చేసెయ్. మిగతాది తర్వాత నెమ్మదిగా చదువుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2004లో నాకూ అచ్చం ఇలాంటి కబురే వచ్చింది. న్యూజెర్సీకి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. అమ్మాయి అన్నప్రాసన నెల రోజుల్లో ఉంది. నికాన్ డీ70 అప్పుడే వచ్చింది, లెన్స్‌తో కలిపి షాపులో 1,299 డాలర్లు. డాలర్ కనబడితే మనసులో రూపాయల్లోకి మార్చుకునే రోజులవి. ఆ లెక్కలో కెమెరా కాదు, ఊళ్లో చిన్న స్థలం కనిపించేది. వేలంలో 850 దాకా పాడి ఓడిపోయాను. మర్నాడు మెయిల్ వచ్చింది: గెలిచినవారు తప్పుకున్నారు, మీకు రెండో అవకాశం ఇస్తున్నాం అని. పైన సైట్ లోగో, కింద కస్టమర్ సర్వీస్ సంతకం. నా యూజర్ పేరే నా మెయిల్ పేరు కూడా. అప్పట్లో ఎవరెంత పాడారో పేర్లతో సహా అందరికీ కనిపించేది. ఓడినవాళ్ల పేర్లు చూసి మెయిల్ ఐడీ ఊహించడం దొంగకి పెద్ద పని కాదని ఆ రోజు నాకు తట్టలేదు. 850 డాలర్లు బ్యాంకు నుంచి నేరుగా వైర్ చేశాను. కెమెరా రాలేదు. అన్నప్రాసన ఫొటోలు పక్కింటాయన చిన్న కెమెరాతో తీశారు. మా ఆవిడకి మూడు నెలల దాకా చెప్పలేదు. నిజం చెప్పాలంటే డబ్బు పోయిన బాధ కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

ఇరవై ఏళ్లలో మెయిల్ పోయి వాట్సాప్ వచ్చింది, వైర్ పోయి జెల్ వచ్చింది. కథ మాత్రం అదే.

నువ్వు ఫొటోలు చాలా బాగున్నాయన్నావు. మనందరం చేసే పొరపాటు అదే, సరుకు వైపే చూస్తాం. దొంగ దగ్గర సరుకే లేనప్పుడు ఫొటో ఎంత బాగుంటే ఏం లాభం? ఎవరో ఎప్పుడో తీసి పెట్టిన ఫొటో అది. గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికితే చాలాసార్లు ఏ పాత ప్రకటనలోనో దొరుకుతుంది. అందుకే ముందు చూడాల్సింది డబ్బు ఏ దారిలో వెళుతోంది, తేడా వస్తే ఆ దారిలో వెనక్కి వస్తుందా అన్నది. జెల్‌లో పంపితే నిమిషాల్లో అవతలి ఖాతాలో పడుతుంది, కొనుగోలుదారుడికి రక్షణ ఉండదు. అది అద్దె పంచుకునే రూమ్మేట్‌కి పంపడానికి. పేపాల్‌లో కూడా రెండు దారులున్నాయి. గూడ్స్ అండ్ సర్వీసెస్ అని పంపితే 180 రోజుల్లోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ అని పంపితే చుట్టానికి చేబదులిచ్చినట్టే. "ఫీజు నాకు పడుతుంది, ఫ్రెండ్స్‌లో పంపండి" అని ముక్కూమొహం తెలియనివాడు అన్నాడంటే బేరం అక్కడితో ఆపెయ్. వాడు నీ ఫ్రెండూ కాదు, ఫ్యామిలీ అంతకన్నా కాదు.

ఇక గిఫ్ట్ కార్డులు. వినియోగదారుల రక్షణ చూసే ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఇది: గిఫ్ట్ కార్డు కొని దాని నంబర్ చెప్పమన్నవాడు దొంగే. అందులో మినహాయింపు లేదు. "కెమెరా మా గోడౌన్‌లో భద్రంగా ఉంది, సైట్ వాళ్ల ఏజెంట్ ద్వారా వస్తుంది, కార్డు నంబర్ ఇవ్వండి" అని ఇన్‌వాయిస్ కూడా పంపుతారు. ఆ ఇన్‌వాయిస్ ముచ్చటగా ఉంటుంది.

అసలు రెండో అవకాశం అన్నది వేలం సైట్ ఈబేలో నిజంగానే ఉంది. గెలిచినవాడు డబ్బు కట్టకపోతే అమ్మేవాడు తర్వాతి పాటగాడికి ఇవ్వొచ్చు. కానీ అది నీ ఖాతాలోకి లాగిన్ అయితే సందేశాల్లో కనిపిస్తుంది, డబ్బు కట్టడం కూడా అక్కడే. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన లింకు నొక్కకుండా నువ్వే సైట్ తెరిచి చూడు. అక్కడ లేకపోతే అది లేనట్టే. సైట్ లోపల కట్టిన డబ్బుకి ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ ఉంటుంది: వస్తువు రాకపోయినా, చెప్పినదానికి భిన్నంగా వచ్చినా 30 రోజుల్లోపు చెప్పాలి. అమ్మేవాడు నో రిటర్న్స్ అని రాసుకున్నా, వచ్చింది చెప్పినట్టు లేకపోతే అది వర్తిస్తుంది. సైట్ గడప దాటి బయట కట్టావా, అది నీకూ వాడికీ మధ్య వ్యవహారం.

అందుకే నిన్ను ఏదో ఒక వంకతో గడప దాటించాలని చూస్తారు. ఆ వంకలు కూడా ఓపిగ్గా తయారు చేసుకుంటారు. సైన్యంలో పనిచేస్తున్నాను, రేపు వేరే దేశం వెళ్లిపోతున్నాను అంటాడు ఒకడు. భర్త పోయారు, ఆయన కెమెరాలు ఇంట్లో చూడలేకపోతున్నాను అంటుంది ఇంకొకరు. వేలం పాడే ముందు నాకు మెయిల్ చేయండి అని ఫొటో మీదే మెయిల్ ఐడీ రాసిపెట్టేవాడూ ఉంటాడు. సైట్ వాళ్ల యంత్రం అక్షరాల్లో మెయిల్ ఐడీని పట్టుకుంటుందని వాడికి తెలుసు కాబట్టే బొమ్మలో రాస్తాడు.

అమ్మేవాడి ఫీడ్‌బ్యాక్ 100 శాతం ఉందని మురిసిపోకు, దాన్ని తెరిచి చదువు. ఆ మంచి మాటలు అతను అమ్మినందుకు వచ్చినవా, డాలర్‌కో వస్తువు చొప్పున కొన్నందుకు వచ్చినవా? ఇన్నాళ్లూ ఏం అమ్మాడు? ఆరేళ్లు చంటిపిల్లల బట్టలు అమ్మి, రెండేళ్లు నిద్రపోయి, ఈ శనివారం ఒక్కసారిగా పన్నెండు ఖరీదైన లైకా కెమెరాలు పెట్టాడంటే ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎవరో కొట్టేశారని అర్థం. ఆ ఫీడ్‌బ్యాక్ వేరే మనిషిది.

ధర సంగతికొస్తే, అడుగుతున్న ధరలు చూడకు. ఈబేలో సోల్డ్ ఐటమ్స్ అని ఫిల్టర్ ఉంది, అది పెడితే నిజంగా ఎంతకి అమ్ముడుపోయాయో కనిపిస్తుంది. అలాంటివి పదిహేను ఇరవై చూస్తే బజారు ధర చేతికి అందుతుంది. దానికి సగం ధరకే ఎవరైనా ఇస్తామంటే, మనకే ఎందుకిస్తున్నారని అడుగు. ఆ ధరకి దొరికితే నిమిషంలో కొనుక్కునే వ్యాపారులు ఆ సైట్‌లో రోజంతా కాచుకుని ఉంటారు. వాళ్లందరి కళ్లూ తప్పించుకుని డాలస్‌లో నీ దాకా వచ్చిందా ఆ లెన్స్?

దొంగతనం కాకపోయినా మాటల గారడీ ఒకటుంది. అన్‌టెస్టెడ్ అని రాస్తే, బ్యాటరీ వేసి చూశాను, పనిచేయలేదు అని చదువుకో. ఫర్ పార్ట్స్ అంటే పాత సామాన్లకి వేసేదే. శీర్షికలో చివరన బాక్స్ ఓన్లీ అని చిన్నగా పెట్టి, ఖాళీ అట్టపెట్టె అమ్మినవాళ్లూ ఉన్నారు. జపాన్ నుంచి అమ్మేవాళ్లు చాలామంది నిజాయితీపరులే, ప్యాకింగ్ కూడా పెళ్లి సారెలా చేస్తారు. కాకపోతే పైన టాప్ మింట్ (కొత్తదానిలా ఉంది) అని పెద్దగా రాసి, కింద వివరాల్లో స్లైట్ ఫంగస్ అని నిజం చెప్పేస్తారు. పైన ఒక్కటే చదివితే తప్పు మనదే. విదేశం నుంచి తెప్పిస్తే సుంకం కూడా లెక్కేసుకో. 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. ఫంగస్ సంగతి విశాఖ, కాకినాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వానాకాలం బీరువాలో పెట్టిన లెన్స్ లోపల సాలెగూడులా అల్లుకుంటుంది చూడు, అదే.

ఇంకొకటి గ్రే మార్కెట్. వేరే దేశంలో అమ్మాల్సిన సరుకుని దొడ్డిదారిన ఇక్కడికి తెచ్చి అమ్ముతారు. సరుకు అసలైనదే. కానీ నికాన్ అమెరికా వాళ్లు అలాంటిదాన్ని వారంటీ మీదే కాదు, డబ్బిస్తామన్నా రిపేర్ చేయరు. సీరియల్ నంబర్ ఫొటో అడిగి, కొనే ముందే ఆ సంగతి తేల్చుకో. ఇక కొత్త కెమెరాని ఎవరూ ఇవ్వనంత తక్కువకి పెట్టే షాపులు కొన్ని ఉన్నాయి. ఆర్డర్ చేశాక ఫోన్ చేసి, ఛార్జర్ వేరే, బ్యాటరీ వేరే అంటారు. వద్దంటే స్టాక్ లేదంటారు. అలాంటి ఫోన్ వస్తే ఆర్డర్ రద్దు చేసుకో.

ఇప్పుడు కాస్త తెలివైన మోసం చెబుతాను, ఇది చదువుకున్నవాళ్లనీ పడగొడుతుంది. సైట్ లోపలే డబ్బు కట్టావు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ట్రాకింగ్ నంబర్ కూడా వచ్చింది. నాలుగో రోజు డెలివర్డ్ అని చూపిస్తుంది. నీ గుమ్మం దగ్గర ఏమీ లేదు. అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో అడిగావు, లేదు. రూమ్మేట్స్ మీద అనుమానపడ్డావు. జరిగిందేమిటంటే, వాడు నీ ఊళ్లోనే, నీ జిప్ కోడ్‌లోనే వేరే ఇంటికి ఖాళీ కవర్ పంపాడు. ట్రాకింగ్‌లో ఊరి పేరు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి సైట్ దృష్టిలో సరుకు చేరినట్టే. ఇలా జరిగితే ఆ రోజే మీ పోస్టాఫీసుకి వెళ్లు. ఏ చిరునామాలో ఇచ్చారో వాళ్లు చూడగలరు. అది నీది కాదని రాసిమ్మని అడిగి, ఆ కాగితం ఫిర్యాదుకి జతచెయ్. ఈబేలో 750 డాలర్లు, ఆ పైన సరుకుకి అమ్మేవాడు సంతకం తీసుకునే డెలివరీ పెట్టాలి. సంతకమే లేకపోతే నీ వాదన ఇంకా గట్టిది.

పార్సిల్ వచ్చాక విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తియ్యి, లేబుల్ దగ్గర నుంచి సీరియల్ నంబర్ దాకా ఆపకుండా. లెన్స్ అయితే రెండు మూతలూ తీసి వెనక నుంచి టార్చ్ వేసి చూడు, ఫంగస్, మసక అందులోనే తెలుస్తాయి. కెమెరా అయితే ఎఫ్ 22లో (వెలుగు వచ్చే రంధ్రాన్ని బాగా చిన్నది చేసి) పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఫొటో తీస్తే సెన్సర్ మీద దుమ్మంతా చుక్కలుగా బయటపడుతుంది. నికాన్‌లో షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఫొటో ఫైల్‌లోనే నమోదవుతుంది కాబట్టి కొనక ముందే ఒక ఫైల్ అడిగి తెప్పించుకోవచ్చు. డీ750 షట్టర్‌ని లక్షా యాభై వేల సార్లకి పరీక్షించారు. రెండు లక్షలు దాటినదాన్ని ఏమీ వాడలేదండీ అని అమ్మేవాడికి నవ్వి ఊరుకోవచ్చు. ఇవన్నీ మొదటి వారంలోనే చూసుకో. సెమిస్టర్ పరీక్షలని పెట్టె మూలన పడేస్తే ఆ 30 రోజులు తెలియకుండానే అయిపోతాయి.

క్రెడిట్ కార్డ్ ఉంటే డెబిట్ కార్డ్ వాడకు. సరుకు రాకపోతే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు బ్యాంకుకి రాసి వివాదం పెట్టే హక్కు ఇక్కడి చట్టం ఇస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లకి కార్డ్ అంత తేలిగ్గా ఇవ్వరు, నిజమే. కొంత డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డ్ తీసుకో, క్రెడిట్ హిస్టరీ కూడా మొదలవుతుంది.

నేనైతే మొదటి లెన్స్ వేలంలో కొనమని చెప్పను. కేఈహెచ్, ఎంపీబీ, న్యూయార్క్‌లో బీ అండ్ హెచ్ లాంటి చోట్ల పాత సరుకుని పరీక్షించి, గ్రేడ్ వేసి, వారంటీతో అమ్ముతారు. వేలం కన్నా కొంచెం ఎక్కువ పడొచ్చు. ఆ ఎక్కువ డబ్బు నీ నిద్రకి. బీ అండ్ హెచ్‌లో శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుగూకేదాకా ఆన్‌లైన్‌లో కూడా ఆర్డర్ తీసుకోరు, అది వాళ్ల యూదు ఆచారం. వీకెండ్‌లో వెబ్‌సైట్ పనిచేయట్లేదని కంగారుపడకు.

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో అయితే ఎదురుగా చూసి, చేతిలో పెట్టుకుని కొను. గేదె చెరువులో ఉండగా బేరమాడొద్దు. చాలా పోలీస్ స్టేషన్ల పార్కింగ్‌లో ఇలాంటి అమ్మకాల కోసం చోటు కేటాయించారు, అక్కడికి రమ్మను. రానంటే నీకు జవాబు వచ్చినట్టే. నువ్వు నిజమైన మనిషివో కాదో చూస్తాను, ఫోన్‌కి వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పు అని అడిగితే చెప్పకు. నీ నంబర్ మీద వాడు గూగుల్ వాయిస్ (గూగుల్ ఇచ్చే ఫోన్ నంబర్) ఖాతా తెరుచుకుంటున్నాడు.

ఇప్పటికే ఎవరైనా పంపేసి ఉంటే, ముందు బ్యాంకుకి ఫోన్ చేయండి, తర్వాత ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. వీసాకి ఏమవుతుందోనని మాట బయటపెట్టని పిల్లల్ని చూశాను. మోసపోవడం నేరం కాదు. ఆ తర్వాత, పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఇంకొకడు వస్తాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది, దగ్గరికి రానివ్వకండి.

తమ్ముడూ, నీ ప్రశ్నలో లేనిది ఒకటి అడుగుతాను. ఆ లెన్స్ సరదాకా, లేక వీకెండ్‌లో ఓణీల ఫంక్షన్లకి, సీమంతాలకి డబ్బులు తీసుకుని ఫొటోలు తీయడానికా? రెండోదైతే ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి అలా సంపాదించడం అనుమతి లేని పని కిందకి వస్తుంది, దానితో స్టేటస్‌కే ముప్పు. ముందు మీ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు వాళ్లని కనుక్కో. సరదాకే అయితే ఆ 420 డాలర్లు పక్కన పెట్టి, యూజ్‌డ్ షాపుల్లో 70-200 ఎఫ్ 4 చూడు. బరువు తక్కువ, ధర తక్కువ. ఏది నచ్చిందో ఆ లింకు నాకు పంపు, నేనూ ఒకసారి చూస్తాను.