కాలేజీ పక్క ప్లాటా, ఊళ్లో పాత డాబానా?

ప్రశ్న: నేను రాజాంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌ని. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. సొంత ఇల్లు కొందామనుకుంటే రెండు కనిపించాయి. ఒకటి కాలేజీ వైపు లేఅవుట్‌లో అయిదు సెంట్ల ప్లాటు. పైన రెండు పోర్షన్లు వేసి స్టూడెంట్స్‌కి అద్దెకిస్తే ఈఎంఐ అదే కట్టుకుంటుందని బ్రోకరు అంటున్నాడు. రెండోది బజారు దగ్గర, పెరడున్న పాత డాబా. అది తాతగారి నాటిది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ అమ్ముతున్నారు. చెల్లెలికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశామంటున్నారు. కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అని ఉండటం ఇంకో టెన్షన్. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: డాబాయే కొనండమ్మా. అయితే ఆ చెల్లెలు సంతకం పెడితేనే.

జిల్లా గురించి బెంగ వద్దు. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో. అంతకు ముందు రాసిన దస్తావేజుల్లో శ్రీకాకుళం అనే ఉంటుంది. ఉండకపోతేనే అనుమానించాలి.

బ్రోకరు లెక్కలో వేసవి సెలవులు లేవు. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలోనే ఉంటారు. బయట గది తీసుకున్నవాళ్లు పరీక్షలవగానే సామాను సర్దేస్తారు. ఈఎంఐ మేలోనూ కట్టాలి కదా! రేపు మీకు వైజాగ్‌లో ఉద్యోగం వచ్చి అమ్మాలంటే, కాలేజీ వైపు కొనేవాళ్లు మీలాంటి లెక్చరర్లే. వాళ్ల చూపూ వైజాగ్ మీదే. బజారు దగ్గర ఇంటికైతే షాపులవాళ్లు వస్తారు, పిల్లల చదువుల కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే రైతులు అడుగుతారు. అయినా ప్లాటు మీదే మనసుంటే లేఅవుట్‌కి ఎల్పీ నంబరు, అంటే అనుమతి నంబరు, ఉందో లేదో, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. అయిదు సెంట్లంటే 242 గజాలు. దస్తావేజులో ఎన్ని గజాలు రాస్తున్నారో అడగండి.

ఇక డాబా. నేను చాలాకాలం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసినవాణ్ణి. "పెళ్లప్పుడే ఇచ్చేశాం" అన్న మాట వినకుండా ఒక్క వారం కూడా గడిచేది కాదు. కట్నం, బంగారం ఇచ్చినంత మాత్రాన ఇంట్లో వాటా పోదు. ఆమె హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించి ఉంటే వేరు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఇల్లు ఆయన స్వార్జితమైనా సరే కూతురికి వాటా ఉంటుంది. పిత్రార్జితంలో కూతురిది కొడుకుతో సమానమైన హక్కని హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ చెప్పింది. ఆ సవరణ వచ్చిన రోజుకి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. తల్లి ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే ఆవిడా వారసురాలే. తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మనండి, ఎవరెవరున్నారో అందులో తెలుస్తుంది. వాళ్లందరినీ అమ్మకందార్లుగా చేర్చి దస్తావేజు రాయించండి. చెల్లెలు రానంటే ఆ ఇల్లు వదిలేయండి. ధర తగ్గిస్తామన్నా సరే. తగ్గిస్తామన్నారంటే విషయం వాళ్లకీ తెలుసన్నమాట.

ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయించండి. 1983కి ముందు లావాదేవీలకు ఆఫీసులో పాత రికార్డులు వెతికించాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు ఈసీలో కనపడవు. ఒరిజినల్ దస్తావేజు కళ్లారా చూడండి. జెరాక్సు చేతిలో పెట్టి అసలు బీరువాలో ఉందంటే, అది ఏ వడ్డీ వ్యాపారి బీరువానో కనుక్కోవాలి.

డబ్బు సంగతి. 30 లక్షల లోపు లోనైతే బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. పాత కట్టడానికి వాళ్ల ఇంజనీరు తక్కువ విలువ కడతాడు కాబట్టి అంత వస్తుందనుకోకండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం మీ చేతి నుంచే పోతుంది. దస్తావేజులో తక్కువ చూపించి మిగతాది నోట్లుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు, లోనూ ఆ మేరకు తగ్గుతుంది.

చెల్లెలి సంతకం అగ్రిమెంటు మీద పడేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు అమ్మకందార్లందరి ఖాతాల్లోకీ విడివిడిగా చెక్కులు రాయండి. ఈలోగా మంచి వాన పడ్డ రోజు వెళ్లి స్లాబు ఉరుస్తోందేమో, పెరట్లో నీళ్లు ఎటు పోతున్నాయో చూసి రండి.