విల్స్‌డెన్ సమాధుల నుంచి వంటింటిదాకా: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

లండన్‌లోని విల్స్‌డెన్ యూదుల శ్మశానవాటికను ఆధారం చేసుకొని నీవు రాసిన ఆహార చరిత్ర వ్యాసం శ్రద్ధగా చదివాను. 1873లో మొదలైన ఆ స్థలాన్ని ఎంచుకోవడం మంచి ఆలోచన. అయితే అక్కడున్న జాక్ కోహెన్ సమాధి గురించి రాసినప్పుడు, ఆయన స్థాపించిన టెస్కో అనే పెద్ద దుకాణాల సంస్థ సంపద దగ్గరే ఆగిపోయావు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సైన్యం నుంచి బయటికి వచ్చిన ఆ యువకుడు, చేతికందిన 30 పౌండ్లతో సైనిక క్యాంటీన్ల మిగులు సరుకు కొని, 1919లో తూర్పు లండన్ సంతలో బల్ల పరచుకొని అమ్మాడు. పాఠకుడికి ముందు ఆ బల్లను చూపించు.

నాకు అన్నిటికన్నా లోటుగా తోచింది వేయించిన చేపల సంగతిని నీవు ఒక్క వాక్యంతో దాటవేయడం. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో మతహింసకు గురై వలస వచ్చిన యూదులతో ఆ వంట ఇంగ్లండు చేరింది. శుక్రవారం సూర్యాస్తమయంతో వారి విశ్రాంతి దినమైన సబ్బాతు మొదలైతే శనివారం చీకటి పడేదాకా వంట చేయకూడదు; పందికొవ్వు ఎన్నడూ ముట్టకూడదు. అందువల్ల ఇల్లాళ్ళు శుక్రవారం పగలే చేపముక్కలకు పిండీ గుడ్డుసొనా పట్టించి, నూనెలో ఎర్రగా వేయించి పెట్టుకుంటే, మర్నాడు ఇంటిల్లిపాదీ చల్లగానే తినేవారు. పైపొర లోపలి తడిని కాపాడటంతో చల్లారినా ముక్క ఎండిపోయేది కాదు. వంటకు ఇటువంటి కారణం దొరికినప్పుడు దాన్ని వదలకు, ఒక పేరా అంతా దానికే ఇవ్వు.

వేయించిన చేపలూ చిప్సూ (వేయించిన బంగాళదుంప ముక్కలు) కలిపి అమ్మడం యూదులే మొదలుపెట్టారన్న వాక్యాన్ని మాత్రం తీసివేయి. 1860లలో తూర్పు లండన్‌లో యూదుడైన జోసెఫ్ మాలిన్ పెట్టిన దుకాణమే మొదటిదని కొందరంటే, లాంకషైర్ ప్రాంతంలోని జాన్ లీస్‌దే మొదటిదని మరికొందరంటారు. వేయించిన చేపను ఇంగ్లండుకు అలవాటు చేసినవారు యూదులని రాస్తే చాలు, వారి ఘనతకు లోటు రాదు.

శాల్మన్, గ్లక్‌స్టైన్ అనే యూదు కుటుంబాల లయన్స్ టీ దుకాణాలకు ఇంకొంచెం చోటివ్వు. 1894లో పికడిల్లీలో తెరిచిన మొదటి దుకాణం మొదలుకొని, ఆడవాళ్ళు మగతోడు లేకుండా వచ్చి, తక్కువ ఖర్చులో మర్యాదగా కూర్చుని టీ తాగగలిగిన చోట్లవి. రొట్టెలూ కేకుల లెక్కల కోసం ఆ సంస్థ తానే తయారు చేసుకున్న లియో కంప్యూటరు 1951లో పనిలోకి దిగింది. ఇంత విశేషాన్ని అధస్సూచికలో దాచావెందుకు?

ఈ మార్పులతో తిరగరాసి పంపు. చేపల పేరానే ముందు చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి