వానలకు ముందే రెండు టైర్లు: వాయిదాలు అక్కర్లేదు

ప్రశ్న: మాది రాయగడ. మందుల పంపిణీ సంస్థలో పనిచేస్తున్నాను, దుకాణాలు తిరిగి ఆర్డర్లు తేవడం నా పని. జీతం 18,500. బండి మీద తిరిగినందుకు కిలోమీటరుకు 3 రూపాయల చొప్పున భత్యం ఇస్తారు. గుణుపూర్, మునిగుడ, బిసం కటక్, లక్ష్మీపూర్ అన్నీ కలిపి నెలకు 1,800 కిలోమీటర్ల దాకా అవుతుంది. నాది 125 సీసీ బండి. వెనక టైరు అరిగిపోయింది. ముందుది బండితో వచ్చినదే. 38 వేల కిలోమీటర్లు నడిచింది, ఇంకో ఐదు వేలు వస్తుందని మెకానిక్ అంటున్నారు. వెనక టైరుకు దుకాణంలో మూడు రకాలు చూపించారు. 30 వేల కిలోమీటర్లు వచ్చే గట్టి రకం 1,650. వానలో పట్టు బాగుండే రకం 2,450, కానీ అది 20 వేలే వస్తుందట. మట్టి దారులకు పనికొచ్చే బటన్ టైరు 2,700. ముందు టైరు 1,600. వెనకకు 2,450 రకం తీసుకుంటే రెండూ కలిపి నెలకు 760 చొప్పున ఆరు వాయిదాలకు ఇస్తామంటున్నారు. వానాకాలానికి ఒక జత, ఎండాకాలానికి ఒక జత ఉంచుకోమని మిత్రుడి సలహా. పార్వతీపురంలో చవక అని మా మామగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెనకకు 2,450 టైరే వేయించుకోండి, ఈ వారంలోనే. ముందు టైరు వచ్చే నెల భత్యం పడగానే మార్చండి. వాయిదాలు వద్దు, రెండో జత వద్దు. ఎందుకో చెబుతాను. ముందుగా మీ భత్యం సంగతి చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది.

నెలకు 1,800 కిలోమీటర్లకు మీ చేతికి వచ్చేది 5,400. లీటరుకు యాభై కిలోమీటర్లు ఇచ్చే బండికి, పెట్రోలు వంద రూపాయల దగ్గర అనుకుంటే, 3,600 పెట్రోలుకే పోతుంది. మిగిలిన 1,800 జీతంలో కలిసిపోయి ఇంటి ఖర్చులకు వెళ్లిపోతున్నట్టుంది. అందుకే నాలుగు వేల టైర్ల ఖర్చు అప్పు చేయాల్సినంత పెద్దదిగా కనిపిస్తోంది. ఆ 1,800 మీ సంపాదన కాదండీ. అది టైర్లది, ఇంజిన్ ఆయిల్‌ది, చైన్ సెట్‌ది, బ్రేకులది, బీమాది. మీ పనిలో అరుగుతున్న బండి కోసం సంస్థ ముందే ఇచ్చిన డబ్బు. ఒడిశా సరిహద్దులో ఇలా బండి మీద తిరిగి బతికే మనవాళ్లు చాలామంది భత్యాన్ని జీతంలాగే ఖర్చు పెట్టేసి, బండి ఆగిన రోజున చేబదులు తెచ్చుకుంటారు. మీరు ఆ వరుసలో చేరవద్దు.

ఇప్పుడు టైర్ల లెక్క. 1,650 టైరు 30 వేలు నడిస్తే కిలోమీటరుకు ఐదున్నర పైసలు. 2,450 టైరు 20 వేలు నడిస్తే పన్నెండు పైసలు దాటుతుంది. అంటే ఖరీదైనది రెట్టింపుకు పైనే. దుకాణదారు మీకు చూపించింది ఇదే, అందులో తప్పు లేదు. కానీ ఆ తేడాను మీ నెల తిరుగుడుకు వేసి చూడండి: సుమారు 120 రూపాయలు. ఒక్క కిలోమీటరు పెట్రోలుకే 200 పైసలు పెడుతున్న మనిషి, రోడ్డును పట్టుకునే రబ్బరు దగ్గర ఏడు పైసలు మిగుల్చుకోవడం నాకు నచ్చదు.

ఆ ఏడు పైసలకు ఏమొస్తుంది? టైరు రబ్బరు ఎంత గట్టిదైతే అంత ఆలస్యంగా అరుగుతుంది, తడిరోడ్డు మీద అంత తక్కువ పట్టు ఇస్తుంది. పట్టు పావు వంతు తగ్గితే బ్రేకు వేశాక బండి ఆగే దూరం మూడో వంతు పెరుగుతుంది. మంచి టైరుతో పదిహేను మీటర్లలో ఆగే బండి ఇరవై మీటర్ల దాకా వెళ్తుంది. లక్ష్మీపూర్ వైపు 326 జాతీయ రహదారిలో ఘాట్ మలుపులు, ఖనిజం లారీలు వదిలే ఎర్రబురద మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడ ఆ ఐదు మీటర్లు చాలా పెద్ద దూరం. వెనకదానికి మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉండే రకం మీ సైజులో దొరుకుతుందేమో కూడా అడగండి. తిన్నటి రోడ్డు మీద మధ్యభాగం అరుగుతుంది, మలుపుల్లో అంచులు పట్టుకుంటాయి. మీలా రెండూ ఉన్న దారుల్లో తిరిగేవారికి అది సరిగ్గా సరిపోతుంది.

జతలు మార్చే సలహా మన వాతావరణానికి కుదరదు. మంచు కురిసే దేశాల్లో చలికాలం టైర్లు వేరుగా ఉంటాయి, ఎందుకంటే ఏడు డిగ్రీల కంటే కిందికి దిగితే మామూలు రబ్బరు బిగుసుకుంటుంది. మనకు కొరాపుట్ కొండల మీద పుష్యమాసం తెల్లవారుజామున తప్ప ఆ అవసరమే రాదు. అలాంటి పొద్దున మొదటి నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు. పైగా మన దగ్గర వాన సెప్టెంబరుతో ముగిసిపోదు. 2018లో తిత్లీ తుపాను తీరం దాటింది అక్టోబర్ 11న, గజపతి, రాయగడ జిల్లాలు రెండూ అతలాకుతలమయ్యాయి. ఏ నెలలో జత మారుస్తారు? మార్చిన ప్రతిసారీ విప్పి బిగించే కూలి, ఇంట్లో మూలన పడి గట్టిపడే రబ్బరు, అన్నీ దండగ. ఏడాదంతా తడిలో పట్టు ఇచ్చే ఒక్క జత వేసుకోండి.

బటన్ టైరు సంగతి. మీ తిరుగుడులో చాలా భాగం తారురోడ్డే కాబట్టి వద్దు. బటన్ల మధ్య ఖాళీల వల్ల తారుకు తగిలే రబ్బరు తక్కువ. ఆ బటన్లు కదులుతూ త్వరగా అరుగుతాయి. అలాగే వెడల్పు టైరు అందంగా ఉంటుందని ఎవరైనా చెబితే వినకండి. బండి మీద స్టిక్కర్‌లో ఉన్న సైజే వేయించండి.

ముందు టైరు దగ్గర కాస్త ఆగుదాం. మెకానిక్ చెప్పిన ఐదు వేల కిలోమీటర్లు మీకు మూడు నెలలు కూడా రావు. జూన్ రెండో వారంలో వానలు మొదలైతే, ఆ టైరు సరిగ్గా నడి వానాకాలంలో పూర్తిగా అరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వస్తుంది, ఆగే పని ఎక్కువగా ముందు చక్రమే చేస్తుంది. మన దగ్గర అందరూ వెనకది మార్చి ముందుది వదిలేస్తారు, అది ప్రమాదం. ఒకసారి టైరు పక్కగోడ మీద చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో వెతకండి. దానికి సూటిగా లోపలికి చూస్తే గీత అడుగున అడ్డంగా చిన్న గట్టు కనిపిస్తుంది. వేలు పెట్టి తడమండి. పైభాగం ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. తరువాత అరచేతిని టైరు మీదుగా అడ్డంగా జరపండి. గుండ్రంగా ఉండాల్సిన చోట మధ్యలో బల్లపరుపుగా, రెండు పక్కలా అంచు తగిలితే, మలుపులో బండిని వంచినప్పుడు ఆ అంచు మీదుగా ఒక్కసారిగా పడినట్టవుతుంది. 43 వేలు నడిచే టైరును 38 వేలకు మారిస్తే మీరు పారేసేది 190 రూపాయల విలువైన రబ్బరు కూడా కాదు. దానికి బాధపడకండి. అరిగిన టైరుకే మళ్లీ గీతలు కోసి ఇస్తామనే వారి దగ్గరకు మాత్రం వెళ్లకండి. అలా కోస్తే లోపలి దారాలకు రక్షణ ఉండదు.

వాయిదాల సంగతి. 4,050 సరుకుకు ఆరు నెలల్లో మీరు కట్టేది 4,560. అదనం 510 మాత్రమే అనిపిస్తుంది. కానీ ప్రతి నెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఇది నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఈ వడ్డీ అడిగితే మీరు ఒప్పుకుంటారా? ఈ నెల మిగిలే 1,800కు జీతంలోంచి 650 కలిపి వెనక టైరు, వచ్చే నెల భత్యంలోంచి ముందు టైరు. రెండు నెలలు ఇంట్లో కాస్త బిగువుగా ఉంటుంది, అంతే. ఆ తరువాత భత్యం పడిన రోజే వెయ్యి రూపాయలు మరో పొదుపు ఖాతాకు పంపేయండి. రెండు టైర్లకు కిలోమీటరుకు పదహారు పైసలు, మిగతా మరమ్మతులకు, బీమాకు నలభై పైసలు వేసుకుంటే ఆ మొత్తం సరిపోతుంది. దీనికి పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ పనికిరాదు. అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసే వీలు లేదు.

మామగారి మాట ఒకప్పుడు నిజమే. 2017 జూలైకి ముందు రెండు రాష్ట్రాల పన్నులు వేరు. ఇప్పుడు టైర్లపై జీఎస్టీ ఇటూ అటూ ఒక్కటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. మీకు చెప్పిన ధరలు పాత పట్టీవి కావు కదా అని అడగండి. పాత పన్నుతో 1,280 ఉన్నది ఇప్పుడు 1,180 కావాలి. పార్వతీపురం వెళ్లి రావడానికి పెట్రోలే నూట యాభై దాటుతుంది, పనిమీద వెళ్లినప్పుడు తప్ప ఆ చవక మీకు మిగలదు. పెట్రోలు జీఎస్టీలో లేదు కాబట్టి అదొక్కటే ఒడిశా వైపు తక్కువ, ట్యాంకు రాయగడలోనే నింపుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, తయారీ లోపం బయటపడితే అడగడానికి బిల్లే ఆధారం. పక్కగోడ మీద నాలుగు అంకెలు చూడండి. 1825 అంటే 2025లో పద్దెనిమిదో వారం తయారైనది. చిన్న ఊళ్లలో సరుకు నెమ్మదిగా కదులుతుంది, ఏడాది దాటినదైతే వేరేది అడగండి. కొత్త టైరు పైపొర జారుతుంది, మొదటి వంద నూట యాభై కిలోమీటర్లు వాలకుండా నడపండి. వారానికోసారి బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోండి. గాలి తక్కువైతే అంచులు, ఎక్కువైతే మధ్యభాగం ముందుగా అరిగి, మనం వేసిన కిలోమీటర్ల లెక్కంతా తలకిందులవుతుంది.

చివరగా, మీరు అడగని విషయం ఒకటి. బండి బీమాలో టైర్లకు సగం విలువే లెక్కగడతారు, టైరు ఒక్కటే పాడైతే అదీ ఇవ్వరు. దానితో ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే. చెయ్యి విరిగి రెండు నెలలు ఇంట్లో ఉంటే అందులోంచి ఏమీ రాదు. నెలకు 21,000 లోపు జీతం కాబట్టి, మీ సంస్థ ఇఎస్ఐ పరిధిలో ఉంటే పనిలో జరిగిన ప్రమాదానికి విశ్రాంతి కాలంలో జీతంలో 90 శాతం వస్తుంది. జీతం చీటీలో 0.75 శాతం ఇఎస్ఐ కోత ఉందో లేదో చూసి మళ్లీ రాయండి. లేకపోతే వారానికింత చొప్పున మీకు చెల్లించే ప్రమాద పాలసీ ఎంతకు తీసుకోవాలో లెక్కవేసి చెబుతాను.