లక్షా ఇరవై వేల బడ్జెట్‌లో తగ్గింపు కార్బన్ సైకిల్ కొనొచ్చా?

ప్రశ్న: బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాను. ఎత్తు 170 సెం.మీ., బరువు 72 కిలోలు. అన్నీ కలిపి బడ్జెట్ లక్షా ఇరవై వేలు. ఒక షాపులో 1,90,000 రూపాయల కార్బన్ రోడ్ సైకిల్‌ను 40 శాతం తగ్గించి 1,14,000కి ఇస్తామంటున్నారు. పాత మోడల్, ఫ్రేము 56 సైజు, రిమ్ బ్రేకులు, షిమానో కంపెనీ 105 గేర్లు, 11 స్పీడ్, ముందు పళ్లు 52/36, వెనక 11-28. ఆదివారాలు నంది హిల్స్ ఎక్కాలని ఉంది. తీసుకోవచ్చా?

జవాబు:

వద్దండి. కార్బన్ అయినందుకో, పాత మోడల్ అయినందుకో వద్దనడం లేదు. అది 56 సైజు.

170 సెం.మీ. మనిషికి చాలా కంపెనీల లెక్కలో 52 సరిపోతుంది, కాళ్లు పొడుగైతే 54. మనవాళ్లలో ఎక్కువమందికి సరిపోయేవి అవే కాబట్టి ముందుగా అమ్ముడుపోయేవీ అవే. ఏడాది తిరిగేసరికి షాపులో మిగిలేవి 56, 58, లేదా మరీ చిన్నవి. ఆషాఢం సేల్‌లో మిగిలిన చొక్కాల సంగతి తెలుసుగా, ఇదీ అంతే. తగ్గింపు సైకిల్ కనబడగానే ధర ఎంత అని కాకుండా ఎందుకు తగ్గించారని అడగాలి. మీ కేసులో జవాబు స్టిక్కరు మీదే ఉంది.

“స్టెమ్ మార్చేస్తే సరిపోతుంది సార్” అంటారు షాపులో. స్టెమ్ అంటే హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క. 56కి సాధారణంగా 100 మి.మీ. లేదా 110 మి.మీ. స్టెమ్ వస్తుంది. దాన్ని 80కి దించితే హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు దగ్గరికొస్తుంది, నిజమే. కానీ అక్కడినుంచి హ్యాండిల్ చిన్న కదలికకే తిరిగిపోతుంటుంది. పైగా ఫ్రేము ముందుండే నిలువు గొట్టం (హెడ్ ట్యూబు) పొడుగును ఏ స్టెమూ కోసెయ్యలేదు. ఇక చెయ్యకూడని పని ఒకటుంది. హ్యాండిల్ అందడం లేదని సీటును ముందుకు జరపడం. అలా జరిపితే మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలవ్వొచ్చు. సీటు స్థానం పెడళ్లను బట్టి ఉండాలి, హ్యాండిల్‌ను బట్టి కాదు.

షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య లావుపాటి పుస్తకాన్ని పైకి గట్టిగా నొక్కిపట్టి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి. 78 సెం.మీ. వచ్చిందనుకుందాం. దాన్ని 0.883తో గుణిస్తే 68.9. క్రాంకు (పెడళ్లను మోసే చేతులు) తిరిగే కేంద్రం నుంచి సీటు పై భాగానికి సుమారుగా అంత ఎత్తు ఉండాలి. ఆ ఎత్తుకు సీటు పెట్టమని అడగండి. 56 ఫ్రేములో సీట్ పోస్ట్ నాలుగు వేళ్లు కూడా బయటికి కనబడకపోతే అక్కడితో బేరం ఆపెయ్యొచ్చు.

ఇక నంది హిల్స్ సంగతి. కార్బన్ ఉంటేనే కొండ ఎక్కగలమన్న నమ్మకం ఊళ్లో బాగా పాకింది. లెక్క చూద్దాం. మీరు 72, సైకిల్ 9, నీళ్లూ బట్టలూ బూట్లూ 3, మొత్తం 84 కిలోలు. ఇదే 105 గేర్లున్న అల్యూమినియం సైకిల్‌తో పోలిస్తే మామూలు కార్బన్ సైకిల్ ఓ 700 గ్రాములు తేలిక అనుకుందాం. 84లో అది 0.83 శాతం. సుమారు 8 కిలోమీటర్ల ఎక్కుడుకు మీకు 40 నిమిషాలు పడితే, ఆ 700 గ్రాముల వల్ల కలిసొచ్చేది 20 సెకన్లు. మలుపు దగ్గర సెల్ఫీకి ఆగితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

కొండ మీద మిమ్మల్ని ఆపేది గేరు. నిటారు చోట్ల గంటకు 9 కిలోమీటర్లు వెళ్తున్నారంటే నిమిషానికి 150 మీటర్లు. చక్రం ఒకసారి తిరిగితే 2.13 మీటర్లు. ముందు 36, వెనక 28తో పెడలు నిమిషానికి 55 సార్లే తిరుగుతుంది. అంటే ప్రతి తొక్కూ మోకాలి మీదే. అదే వేగానికి ముందు 34, వెనక 34 ఉంటే 70 సార్లు తిరుగుతుంది. ఈ తేడా మొదటి ఆదివారమే తెలుస్తుంది.

“వెనక క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) మార్చేస్తాం” అంటే వెంటనే తలూపకండి. మీది 105లో ఆర్ 7000 అనే రకమైతే, పొట్టి కేజ్ (చైనును పట్టి ఉంచే చేయి) ఉన్న డిరైలర్, అంటే చైనును గేరు నుంచి గేరుకు జరిపే భాగం, అధికారికంగా 30 పళ్ల దాకానే. 34 కావాలంటే పొడుగు కేజ్ డిరైలర్, కొత్త క్యాసెట్, ఇంకాస్త పొడుగు చైను కావాలి. షిమానో 11 స్పీడ్ 11-34 క్యాసెట్‌ను రోడ్ సైకిల్ హబ్ (చక్రం నడిమి భాగం) మీద ఎక్కించేటప్పుడు వెనకాల 1.85 మి.మీ. స్పేసర్ (పల్చటి ఉంగరం) వెయ్యాలి. అది మరిచిపోతే లాక్ రింగు ఎంత బిగించినా క్యాసెట్ లటలటా ఊగుతుంది, గేర్లు వాటంతటవే దూకుతాయి. ముందు రింగులు 50/34కి మార్చుకోవడం తేలిక, ఆర్ 7000 క్రాంకుకే పడతాయి. కానీ ఇవన్నీ కలిపితే తగ్గింపులో పెద్ద ముక్కే పోతుంది.

రిమ్ బ్రేకులంటే, చక్రం అంచును (రిమ్‌ను) నొక్కేవంటే, ఇప్పుడు అందరూ ముఖం చిట్లిస్తున్నారు. నేనైతే చిట్లించను. అల్యూమినియం రిమ్‌తో ఉంటే అవి తేలిక, చవక, ఏ మూలనున్న మెకానిక్కైనా సరిచేస్తాడు. చూడాల్సింది టైరుకు చోటు. మన రింగ్ రోడ్ సర్వీసు దారుల మీద, రంగు వెయ్యని హంపుల మీద 25 మి.మీ. టైరు శిక్షే. 28 పట్టాలి. షాపులో 28 టైరు ఎక్కించమని, టైరుకూ ఫ్రేముకూ మధ్య, ఫోర్కు కింద, బ్రేకు కింద 4 మి.మీ. అలెన్ కీ దూర్చి చక్రం తిప్పండి. ఎక్కడా రాసుకోకూడదు. రిమ్ వెడల్పయితే 28 అని రాసున్న టైరు నిజంగా 29, 30 కూడా కొలతకు వస్తుంది, అందుకే కాగితం మీది అంకె చూసి ఊరుకోవద్దు. మీ బరువుకు 28 టైరులో ముందు 65, వెనక 70 పీఎస్ఐ గాలి ఒత్తిడి నుంచి మొదలుపెట్టండి. “కార్బన్ కుదుపులు మింగేస్తుంది” అనేవాళ్లు టైరులో వంద కొట్టించుకుని తిరుగుతుంటారు. కుదుపు మింగేది గాలి.

అయితే రిమ్ బ్రేకులతో కార్బన్ రిమ్‌లు ఉన్న తగ్గింపు సైకిల్ జోలికి మాత్రం పోవద్దు. నంది నుంచి దిగేటప్పుడు బ్రేకు వదలకుండా పట్టుకుంటే రిమ్ కాగిపోతుంది, అందులోని రెజిన్ మెత్తబడి గోడ ఉబ్బుతుంది, ట్యూబు పేలుతుంది. వాన పడితే బ్రేకు పట్టడానికే ఆలస్యం.

ఇప్పుడు సరైన సైజు కార్బన్ ఇంకెక్కడైనా దొరికిందనుకుందాం. డిస్‌ప్లేలో ఏడాది నిలబడ్డ సైకిల్‌ను పదిమంది ఎక్కి దిగి ఉంటారు. ఎక్కిన ప్రతివాడికీ సీటు పైకీ కిందికీ జరిపి ఉంటారు. ఫ్రేము దెబ్బతినేది అక్కడే. ఆ దృశ్యం ఎలా ఉంటుందంటే, కుర్రాడు జేబులోంచి ఎల్ ఆకారపు అలెన్ కీ తీస్తాడు. సీట్ పోస్ట్‌ను బిగించే క్లాంపు మీద సన్నటి అక్షరాల్లో 5 ఎన్ఎమ్ (న్యూటన్ మీటర్లు, బిగింపు హద్దు) అని రాసుంటుంది, అది దుమ్ము కింద ఉంటుంది. కార్బన్ పోస్టుకు ఎవరో అలవాటుగా గ్రీజు పూసి ఉంటారు కాబట్టి మనిషి కూర్చోగానే పోస్టు మూడు మిల్లీమీటర్లు జారుతుంది. జారింది కాబట్టి ఇంకో పావు చుట్టు. మళ్లీ జారితే ఇంకో పావు. కీ పొడుగు చేతిని పట్టుకుని తిప్పుతున్నాడు, ఎంత బలం పడుతోందో చేతికి తెలియదు. ఎక్కడో చిటుక్కుమంటుంది. “ఏం కాలేదు సార్, సీటు శబ్దం” అంటాడు.

అందుకని సీట్ పోస్ట్ పూర్తిగా బయటికి తీయించండి. ఫోన్ టార్చి వేసి, క్లాంపు కింద ఫ్రేములో ఉండే చీలిక చివర చూడండి. అక్కడినుంచి వెంట్రుకలాంటి గీత కిందికి దిగుతోందా? గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అది ఉత్త పెయింటు గీత అనుకోవడానికి లేదు. పోస్టు మీద క్లాంపు నొక్కిన చోట నొక్కుగానీ తెల్లటి మచ్చగానీ ఉందేమో చూడండి. గ్రీజు కనబడితే ఫ్రేము లోపలా పోస్టు మీదా శుభ్రంగా తుడిపించి, కార్బన్ పేస్టు రాయించండి. అందులోని సన్నటి రవ్వలు పట్టునిస్తాయి, తక్కువ బిగింపుతోనే పోస్టు నిలబడుతుంది. తర్వాత బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో 5 న్యూటన్ మీటర్లు, అంతే. ఫ్రేము మీద 4 అని ఉంటే 4. ఎక్కువ బిగించడం వల్ల వచ్చిన పగులుకు వారంటీ రాదు.

షాపులో టార్క్ రెంచ్ ఉందా అని ముందే అడగండి. లక్షల సైకిళ్లు అమ్ముతూ మూడు వేల రెంచ్ కొనని షాపులున్నాయి. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడటం అంటే ఇదే.

పోస్టు అయ్యాక సైకిల్‌ను తిరగేసి డౌన్ ట్యూబు (ముందు నుంచి పెడళ్ల దాకా దిగే గొట్టం) కింద, వెనక చక్రం దాకా చైను పక్కనే పోయే గొట్టం (చైన్ స్టే) లోపలివైపు చూడండి. చైను జారి ఇరుక్కున్నప్పుడు కార్బన్‌ను చెక్కేసేది ఆ చోటే. అనుమానమున్న చోట రూపాయి బిళ్లతో మెల్లగా తట్టుకుంటూ రండి. చుట్టుపక్కల టక్కుటక్కుమంటూ ఒకచోట మాత్రం మొద్దుగా మోగితే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దగ్గర టక్‌మంటే స్టెమ్ విప్పించి స్టీరర్ ట్యూబును (ఫోర్కు పై గొట్టాన్ని) కళ్లతో చూడాలి. స్టెమ్ కిందా పైనా స్పేసర్లు కుప్పగా ఉంటే అది కూడా సైజు సరిపోలేదన్న సూచనే.

సెకండ్ హ్యాండ్ వైపు వెళ్లి 105 బదులు దానికన్నా పై రకమైన అల్టెగ్రా దొరికిందని సంతోషపడేవాళ్లకు ఒక మాట. 2019 జూలైకి ముందు తయారైన 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా ఏస్ క్రాంకుల మీద షిమానో 2023 సెప్టెంబరులో తనిఖీ ప్రకటించింది. రెండు ముక్కలను అతికించి చేసిన క్రాంకులు అవి, అతుకు విడిపోవచ్చు. క్రాంకు చేతి వెనకవైపు ఉండే రెండక్షరాల కోడ్ ఫొటో తీయించుకుని, తనిఖీ అయిందో లేదో అడగండి. 105 క్రాంకులకు ఈ గొడవ లేదు. తక్కువ రకం కొంటే మేలు జరిగే సందర్భం ఇదొకటి.

బాటమ్ బ్రాకెట్ (క్రాంకు తిరిగే బేరింగులు) మరలతో బిగించేదైతే మంచిది. ప్రెస్ ఫిట్ (మరలు లేకుండా నొక్కి కూర్చోబెట్టేది) అయితే వానాకాలం తర్వాత కిచకిచ మొదలవ్వొచ్చు, దాన్ని తీసి పెట్టడానికి వేరే పనిముట్లు కావాలి. కొత్త మోడళ్లలో తీగలన్నీ హెడ్‌సెట్ లోంచి పోతుంటాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ కింది బేరింగు ఒక్కటి మార్చాలంటే బ్రేకు గొట్టాలు విప్పి మళ్లీ ఆయిల్ ఎక్కించాల్సి రావచ్చు. తక్కువ బడ్జెట్ మనిషికి ఆ ముద్దు వద్దు.

డబ్బు లెక్క. ఇలాంటి సైకిళ్లు చాలావాటికి పెడళ్లు కూడా రావు. పెడళ్లూ బూట్లూ ఎనిమిది వేలు, హెల్మెట్ రెండున్నర, పంపు రెండు, లైట్లు రెండు, టార్క్ రెంచ్ మూడు, ట్యూబులూ సీసా పట్టీలూ ఒకటిన్నర, విడి డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు తగిలించే ముక్క) ఒకటిన్నర. ఇవి నా అంచనా ధరలు, మొత్తం ఇరవై వేల అయిదొందలు. అంటే సైకిల్‌కు మిగిలేది లక్ష లోపే. హ్యాంగర్ మాత్రం ఆ రోజే కొనండి, ప్రతి ఫ్రేముకూ వేరుగా ఉంటుంది, పాత మోడల్‌కు తర్వాత దొరకకపోవచ్చు. అది వంగిన రోజు సైకిల్ గోడకు ఆనుకుని కూర్చుంటుంది.

ఆ 40 శాతం కూడా పూర్తిగా నిజం కాకపోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత స్టిక్కరు 1,90,000 అంటే 5 శాతంతో అది 1,78,125 అవుతుంది. 1,14,000కి ఇస్తే అసలు తగ్గింపు 36 శాతం. నాలుగు శాతం షాపువాడి దానం కాదు, ప్రభుత్వానిది. బేరానికి ఇది పనికొస్తుంది.

మీ స్థానంలో చూడాల్సింది 52 సైజు అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, ముందు 50/34, వెనక 32 లేదా 34 దాకా ఉన్న క్యాసెట్, 28 కన్నా వెడల్పు టైరు పట్టే చోటు. గేర్లు 105 కన్నా కింది రకమైన టియాగ్రా అయినా పర్లేదు. డబ్బు మిగిలితే మంచి టైర్లు వేయించండి.

అయినా కార్బనే కావాలని మనసు లాగితే 52 వచ్చేదాకా ఆగండి. కొనే రోజు బాటమ్ బ్రాకెట్ కింద ఉండే ఫ్రేము నంబరును బిల్లులో రాయించుకోండి. చాలా కంపెనీల వారంటీ మొదటి కొనుగోలుదారుకే చెల్లుతుంది, డిస్‌ప్లే పీసును అప్పటికే వేరే పేరు మీద నమోదు చేసి ఉంటే మీ చేతికొచ్చేది సెకండ్ హ్యాండే.