గొడ్డు చేపకు టెన్షన్ ఎక్కువా?

ప్రశ్న: సార్, పుత్తూరు దగ్గర మాకు రెండు చేపల గుంటలు ఉన్నాయి. తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చదివే మా అబ్బాయి, ‘గుడ్లు పెట్టని ట్రిప్లాయిడ్ చేపలుంటాయి నాన్నా, తిన్న మేతంతా ఒంటికే పడుతుంది’ అంటున్నాడు. పక్క గుంట ఆయనేమో అవి గొడ్డువి, రక్తంలో బలముండదు, వల వేస్తే చాలు రోగమొచ్చి చస్తాయి అంటాడు. ఎవరిని నమ్మాలి?
– ఒక రైతు, పుత్తూరు

జవాబు: మీ పక్కాయన మాట పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, గొడ్డుతనానికీ రక్తబలానికీ ఆయన వేసిన ముడి మాత్రం తప్పు.

మామూలు రోహుకి 50 క్రోమోజోములు, అంటే 25 చొప్పున రెండు సెట్లు. గుడ్డు ఫలదీకరణమైన కొద్ది నిమిషాల్లోనే దానికి వేడో చలో గట్టిగా తగిలిస్తే, బయటికి పోవాల్సిన ఒక సెట్టు లోపలే ఉండిపోయి 75 అవుతాయి, ట్రిప్లాయిడ్ అంటే ఇదే. మూడు సెట్లకి జత కుదరదు, అందుకే గొడ్డుపోతుంది. దాంతోపాటు ఒంట్లోని కణాలూ పెద్దవవుతాయి. చేప ఎర్రకణంలో, మనకి లేని న్యూక్లియస్ ఉంటుంది కదా, రంగు వేసిన స్లైడ్‌ని మైక్రోస్కోప్ కింద పెడితే దోసగింజల్లాంటి కోలకణాలు, ఒక్కోదాని నడుమ ఊదా చుక్క కనిపిస్తాయి. ట్రిప్లాయిడ్‌లో ఆ గింజలు దాదాపు ఒకటిన్నర రెట్లు లావు, లెక్కకి మాత్రం మూడింట రెండొంతులే. మొత్తం హిమోగ్లోబిన్‌లో పెద్ద తేడా రాదు. మూటలు తగ్గాయి గానీ బియ్యం అంతే.

ఇక వల సంగతి. వల్లో చిక్కి, గాలికి తేలి, తొట్టిలో ఒకదానిమీదొకటి పడ్డ చేపకి నిమిషాల్లోనే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. మనకున్నట్టు దానికి విడిగా అడ్రినల్ గ్రంథి లేదు, తల వెనకాల ఉండే కిడ్నీ ముందుభాగమే ఆ పని చేస్తుంది, రక్తకణాలు పుట్టేదీ అక్కడే. అప్పుడు రక్తంలోని తెల్లకణాల్లో లింఫోసైట్లనే రకం తగ్గి న్యూట్రోఫిల్స్ అనే రకం పెరుగుతాయి. అందుకే తెల్లకణాల మొత్తం లెక్క ఒక్కటే చూసి చేప బాగుందనుకోకూడదు. ఎర్రకణాల శాతమూ మోసం చేస్తుంది, ఎందుకంటే బెదిరిన చేప ప్లీహం ముడుచుకుని దాచిన కణాల్ని రక్తంలోకి వదిలేస్తుంది! ఒకసారి వల వేస్తే ఇదంతా ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. రోజుల తరబడి సాగితేనే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా అదను చూసుకుని ఒంటిమీద ఎర్రపుండ్లు తెప్పిస్తుంది. ఇందులో గొడ్డు చేపకీ మామూలు చేపకీ కార్టిసాల్‌లో చెప్పుకోదగ్గ తేడా సాధారణంగా కనిపించదు.

మరి తేడా ఎక్కడంటే, నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ పడిపోయినప్పుడు. అప్పుడు ట్రిప్లాయిడ్లు ముందుగా చేతులెత్తేస్తాయి. మన పుత్తూరు, తిరుపతి వైపు మే నెల ఎండలు మీకు నేను చెప్పాలా? చల్లగా ఉంటుందని తెల్లవారుజామున నాలుగింటికే వల దించుతారు చాలామంది, నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుండేది అప్పుడే. పొద్దెక్కాక, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ తిప్పుతూ, ముందురోజు మేత ఆపి పట్టండి, ఏ చేపకైనా.

అన్నట్టు, అన్నీ మగవే ఉండే తిలాపియా వేరు, అది గొడ్డుది కాదు. ఎవరైనా గొడ్డుపిల్లలని అమ్మజూపితే డబ్బులిచ్చే ముందు నాలుగు పిల్లల్ని మీ అబ్బాయి చేతికివ్వండి. ఒక్కో చుక్క రక్తం స్లైడ్ మీద పరిచి, మామూలు పిల్ల స్లైడ్ పక్కన పెట్టి, గింజల సైజు కొలిచి చెప్తాడు.