అడిగిన మాట వదిలేసి గూగుల్ వేరేవి ఎందుకు చూపిస్తోంది?

మీ భ్రమేం కాదు, నిజంగానే మారింది. ఒకప్పుడు మాట ముందు ప్లస్ గుర్తు పెడితే ఆ మాట తప్పనిసరి అని లెక్క. 2011లో గూగుల్ దాన్ని తీసేసి, కొటేషన్ గుర్తులు వాడమంది. ఆపైన గూగుల్ వెతికే పద్ధతిలో మార్పులుగా 2013లో హమ్మింగ్‌బర్డ్, 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ వచ్చాయి. అన్నిటి ధోరణీ ఒకటే: మీరు టైపు చేసిన అక్షరాలకంటే మీ ఉద్దేశాన్ని పట్టుకోవడం. మామూలు ప్రశ్నలకు మేలే. ఎర్రర్ కోడో, పార్టు నంబరో వెతికేవాళ్లకే చిక్కంతా. అక్కడ ఒక్క అంకె మారినా వస్తువే వేరు కదా.

'ఉల్లిపాయ లేకుండా గుత్తి వంకాయ' అని వెతికితే ఉల్లి దట్టించిన కూరలూ వచ్చిపడొచ్చు. పోనీ ఉల్లిపాయ ముందు మైనస్ గుర్తు (ఆ మాట ఉన్న పేజీలు వద్దని) పెడదామా అంటే, 'ఉల్లిపాయ లేకుండా' అని రాసి ఉన్న పేజీ, అంటే సరిగ్గా మీకు కావలసిందే, ఎగిరిపోతుంది!

కంప్యూటర్‌లో అయితే ఫలితాల పైన 'టూల్స్'లో వెర్బేటిమ్ (టైపు చేసిన మాటలనే ఉన్నదున్నట్టు వెతకడం) ఎంచుకోండి, ఈ సొంత పెత్తనం చాలావరకు తగ్గుతుంది. 2024లో వచ్చిన 'వెబ్' ఫిల్టర్ ఏఐ సారాంశాలను పక్కన పెడుతుంది. ఫలితాల్లో పైకి రావడం కోసమే అల్లిన చెత్త పేజీలకు మాత్రం ఈ రెండూ మందు కావు. దానికి నమ్మకమున్న సైటు లోపలే వెతుక్కోవడం నయం.