హామ్‌కు ఉప్పు ఎంత?

ప్రశ్న: క్రిస్మస్‌కు ఇంట్లోనే హామ్ చేయాలనుంది. పంది తొడ మాంసానికి ఉప్పు, వెనిగర్ పట్టించి రాత్రంతా వంటగదిలో ఉంచవచ్చా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వద్దమ్మా! మీ రాయగడలో డిసెంబరు చలి ఎంత ఉన్నా ఫ్రిజ్‌కు సాటి రాదు. మాంసం 4 డిగ్రీల లోపే ఊరాలి. వెనిగర్ పైపొరను దాటదు, లోపలిదాకా వెళ్లేది ఉప్పే. ఎముక లేని, రెండంగుళాల మందం ముక్క తీసుకోండి. కిలోకు 25 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల బెల్లం తరుగు తూచి, కొవ్వు మడతల్లోకి వేలితో దూర్చి రుద్దండి. మూత ఉన్న గాజు గిన్నెలో, రోజూ తిప్పుతూ 5 రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఉడికించిన హామ్‌కు ఉండే గులాబీ రంగు మాత్రం నైట్రైట్ (మాంసం నిల్వకు వాడే రసాయనం) కలిసిన ఉప్పుతోనే వస్తుంది. అది ఎక్కువైతే విషం, అందుకే పొట్లం మీది కొలతను గ్రాముల త్రాసుతో తూచాల్సిందే. చేతి అంచనా పనికిరాదు. పంది మాంసంలో ఉండగల బద్దెపురుగు తిత్తులు ఉప్పుకే చస్తాయని నమ్మకండి, ముక్క నడిమధ్య వేడి 71 డిగ్రీలకు చేరేదాకా ఉడికించండి.